మహమ్మారి జాడ – జన్యులిపి సాక్ష్యము

నల్లగొండ జిల్లాయందు, నాగార్జునసాగరు ఎడమ కాలువ ప్రాంతమున, హాలియా అను పట్టణము కలదు. 2021 ఏప్రిల్ 14వ తేదీన అచ్చట శాసనసభ ఉప ఎన్నిక సందర్భమున పెద్ద బహిరంగ సభ జరిగెను. నాటి ముఖ్యమంత్రి శ్రీ కె. చంద్రశేఖరరావు అందు ప్రసంగించిరి. 17వ తేదీన పోలింగు ముగిసెను. 19వ తేదీన ముఖ్యమంత్రిగారికి కరోనా సోకినట్లు ప్రకటన వెలువడెను. దేశమంతట ఆ వ్యాధి రెండవ విడతగా విజృంభించిన దినములవి. “జబ్బు ఆ సభనుండియే వచ్చినది” అని పలువురు తీర్మానించుకొనిరి. ఇట్టి తీర్మానమును దేనితో పరీక్షింపవలెను? నేడు మనము విచారింపదలచిన విషయమిది.

ప్రశ్న క్రొత్తది కాదు. ఊరిలో మశూచి చెలరేగినప్పుడు మన పెద్దలు పోచమ్మకు, ముత్యాలమ్మకు బోనములెత్తి, అమ్మవారిని పొలిమేర దాటించి సాగనంపెడివారు. ఏ సంతనుండి వచ్చెను, ఏ బాటసారి తెచ్చెను అని తర్కించెడివారు. అనుమానము తరచుగా ఊరికి క్రొత్తవారిమీదనో, దిక్కులేనివారిమీదనో పడెడిది. వారి పక్షమున చెప్పుటకు సాక్ష్యము లేకుండెను. వైరసు తన వంశచరిత్రను తనలోనే వ్రాసికొని తిరుగునని నేడు మనకు తెలియును.

ఆ వ్రాతను చదువు విధానము మన తాళపత్ర గ్రంథముల పరిష్కర్తలు ఎరిగినదే. ఒక ప్రతిని చూచి మరొక ప్రతి వ్రాయునపుడు లేఖకుడు ఎచ్చటనో ఒక అక్షరము తప్పును. ఆ ప్రతిని అనుసరించినవారు ఆ తప్పునే దింపుదురు. ఒకే విధమైన తప్పులుగల ప్రతులు ఒకే మాతృకనుండి పుట్టినవని పండితులు నిర్ణయింతురు. కరోనా వైరసు జన్యులిపిలో సుమారు 30 వేల అక్షరములు కలవు. అది మనిషినుండి మనిషికి వ్యాపించు క్రమమున నెలకు సగటున రెండు అక్షరములు మారుచుండును. ఆ మార్పులనుబట్టి శాస్త్రజ్ఞులు శాఖలను, ఉపశాఖలను గుర్తించి, వాటి మాతృక ఏ కాలమునాటిదో లెక్క కట్టుదురు.

ఈ విద్య మన ప్రాంతమునకు ఎట్లు ఉపకరించినదో చూతము. 2003 వేసవి చివర కరీంనగరు, వరంగల్లు మొదలగు జిల్లాలలో పసిబిడ్డలకు జ్వరము, మూర్ఛ వచ్చి, ఒకటి రెండు దినములలోనే ప్రాణము మీదికి వచ్చెను. రాష్ట్రమున 329 మంది పిల్లలు ఆ వ్యాధికి గురికాగా 183 మంది మరణించిరి. కారణము తెలియని వింతజబ్బు అని జనులు భయపడిరి. పుణెలోని జాతీయ వైరస్ సంస్థవారు రోగులనుండి వైరసును వేరుచేసి, దాని జన్యులిపిని పాత లిపులతో పోల్చిరి. 1965లో నాగపూరులో ఇద్దరు జ్వరపీడితులనుండి తీసి, చాందీపురా అని పేరిడిన వైరసు లిపితో అది నూటికి 96.7 మొదలు 97.5 వంతుల వరకు సరిపోయెను. వింతజబ్బు అనుకొన్నది 38 ఏండ్ల పాత పరిచయమే. ఈ ఎరుకవలన ఫలమేమి? మనకు అంతకుముందే తెలిసిన జపాను మెదడువాపును దోమలు వ్యాపింపజేయును. చాందీపురాను మోయునవి మట్టిగోడల పగుళ్లలో, పశువుల కొట్టములలో దాగు ఇసుక ఈగలు. శత్రువు పేరు తెలిసిననే గాని ఏ గోడను పూడ్చవలెనో, ఎచ్చట మందు చల్లవలెనో తెలియదు.

2020లో ప్రశ్న వేరు. తెలంగాణలో తొలి కరోనా రోగిని మార్చి 2వ తేదీన గుర్తించిరి. కొలది మాసములలో హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు, ఢిల్లీ సహచరులతో కలసి, భారతదేశమున లభించిన 361 జన్యులిపులను పరిశీలించిరి. వాటిలో నూటికి 41 వంతులు ఒకే శాఖకు చెందినవని తేలెను. దానికి ఏ3ఐ అని పేరిడిరి. దాని మాతృక 2020 ఫిబ్రవరి నాటిదని లెక్కించిరి. అనగా తొలి రోగి పేరు మన పత్రికలకెక్కకమునుపే ఆ వంశము పుట్టినదన్నమాట. మిగిలిన లిపులు వేరు శాఖలవి. కాబట్టి మహమ్మారి దేశములోనికి ఒక్క వాకిట రాలేదు. అప్పటికి ఎందరో ఒక కూటమినో, ఒక వర్గమునో వేలెత్తి చూపుచుండిరి. లిపి ఆ కథనమును సమర్థింపలేదు. అనతికాలముననే ఏ2ఏ అను మరొక శాఖ ప్రబలి ఏ3ఐని వెనుకకు నెట్టెను.

మరి హాలియా మాట యేమి? ఇచ్చట సాక్షి హద్దును కూడ మనము ఎరుగవలెను. నెలకు రెండక్షరములు మారు వైరసులో ఐదు దినములకు క్రొత్త మార్పు కనబడకపోవచ్చును. ఇద్దరి లిపి ఒక్కటే అయినను, ఒకరు మరొకరికి అంటించిరని చెప్పరాదు. మూడవవాడు ఇద్దరికిని అంటించి యుండవచ్చును. లిపులు వేరు శాఖలవైనచో మాత్రము ఒకరినుండి మరొకరికి రాలేదని రూఢిగా చెప్పవచ్చును. ఈ సాక్షి “కాదు” అన్నప్పుడు గట్టిగా పలుకును. “అవును” అనుటకు వెనుకముందాడును.

తేదీ ప్రక్కన తేదీ నిలిచినంతమాత్రాన నేరము రుజువు కాదు. అంటురోగము ఉధృతముగానున్న వేళ జనసమ్మర్దము ప్రమాదమని తెలియుటకు మాత్రము జన్యులిపి అక్కరలేదు. ఆ మాట మన పెద్దలకును తెలియును. కారణమును వెదకుట వేరు, దోషిని వెదకుట వేరు. మొదటిది ప్రాణములను కాపాడును. రెండవది తరచుగా నిరపరాధిని పొలిమేర దాటించును. రేపు మరొక వ్యాధి వచ్చినప్పుడు ఈ భేదమును మరువవలదని మేము మనవి చేయుచున్నాము.