రాయలవారి చేవ్రాలు, యంత్రపు చేవ్రాలు

కర్ణాటకమున స్థిరపడిన మా మిత్రులొకరు తమ పొలము పహాణీని ఒక కార్యాలయమునకు కొనిపోగా, సిరా సంతకము లేదని గుమాస్తా త్రిప్పి పంపెనట. యంత్రము వేసినది సంతకమగునా? ఈ ప్రశ్న మనకు క్రొత్త గాదు.

భూదానము చేయు రాజు పటముమీదగాని రాగిరేకుమీదగాని శాసనము వ్రాయించి, ముద్ర వేసి, స్వహస్తముతో స్థిరపరుపవలెనని యాజ్ఞవల్క్యస్మృతి విధించినది. కళ్యాణి చాళుక్యుల కాలమున విజ్ఞానేశ్వరుడు మితాక్షరయను వ్యాఖ్య రచించినది ఈ స్మృతికే. కాని రాగిరేకుపై కలము సాగదు గదా! విజయనగర తామ్రశాసనములను చూచినచో ఈ చిక్కు తీరిన విధము తెలియును. శ్లోకములన్నియు నందినాగరి లిపిలో నడచి, తుదను మాత్రము తెలుగు-కన్నడ లిపిలో "శ్రీ విరూపాక్ష" అని యుండును. అదియే రాయలవారి చేవ్రాలు. అందు రాజు పేరైనను లేదు, ఇలవేల్పు పేరే కలదు. ఆరవీటి వేంకటపతిరాయల (1586–1614) శాసనములలో అది "శ్రీ వేంకటేశ" అయినది. కృష్ణరాయల శాసనములు పెక్కింటిని చెక్కినవాడు మల్లణ కుమారుడు వీరణాచార్యుడు. ఆతని పేరును శాసనములోనే కానవచ్చును. ఆజ్ఞ రాజుది, ఉలి శిల్పిది. ఇందు దాపరికమేమియు లేదు. అయితే ఉలి పట్టగల మరియొకడు అవే అక్షరములను చెక్కగలడు. కూటశాసనములు పుట్టుటకు ఇదియు నొక కారణము.

1908 నాటి సివిల్ ప్రొసీజరు కోడు, సంతకమనగా ముద్రవేయుటయు అందు చేరునని నిర్వచించి, తీర్పును డిక్రీని మాత్రము మినహాయించినది. సమనుపై ముద్రసంతకము చెల్లును. తీర్పుక్రింద న్యాయాధిపతి స్వయముగా చేవ్రాలు చేయవలసినదే. ముద్రను ఎవరైనను ఒత్తవచ్చును, తీర్పు చెప్పిన మనస్సు మాత్రము ఒక్కరిదే. ఆ నిర్వచనమున మాకు మిక్కిలి నచ్చినది ఈ మినహాయింపే.

2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టము డిజిటల్ సంతకమునకు చేతి సంతకముతో సమానమైన గుర్తింపు నిచ్చినది. సంతకపు బొమ్మను కాగితముపై అచ్చొత్తుట వేరు, ఇది వేరు. అధికారి రహస్యపు తాళముతో ఇది పత్రములోని ప్రతి యక్షరమునకు ముడివడియుండును. తరువాత ఒక్క సున్న మార్చినను పరీక్షలో బయటపడును. వీరణాచార్యుని ఉలికి లేని కాపుదల యిది. అయితే ఆ సంతకముండునది కంప్యూటరులోని మూలపత్రమున. మన చేతిలోని కాగితము దాని నీడ మాత్రమే. కనుక కాగితముతోపాటు మూలపత్రమును గూడ భద్రపరచుకొనవలెను.

మా మిత్రులు మరల పోయి, మూలపత్రమును అచటి కంప్యూటరులోనే తెరిపించి చూపిరి. పని జరిగినది. ఆ గుమాస్తా మాత్రము నేటికిని సిరాలేని కాగితమును వెలుతురుకెత్తి రెండుమారులు చూచుచున్నాడట.