మెదడు బొమ్మ పెద్దది, కంప్యూటర్ మెమరీ చిన్నది: మగ్గం చెప్పే పాఠం



పోయిన స్కాలర్‌షిప్ మీటింగులో పీలమేడు అమ్మాయి ఒకతె అడిగింది: "మెదడు స్కాన్ల మీద ప్రాజెక్టు తీసుకున్నానండీ. నా ల్యాప్‌టాప్‌లో 8 జీబీ మెమరీయే. ఫైలు తెరవగానే ఆగిపోతోంది. పెద్ద మిషను కొనే స్తోమత లేదు. ప్రాజెక్టు మార్చుకోమంటారా?" అప్పటికప్పుడు మా దగ్గర జవాబు లేదు. తర్వాత కూర్చుని పాత చరిత్ర తిరగేశాం.

1971 అక్టోబర్ 1న లండన్‌లోని వింబుల్డన్‌లో ఉన్న అట్కిన్సన్ మోర్లీ ఆసుపత్రిలో తొలిసారి ఒక రోగి మెదడుకు సీటీ స్కాన్ తీశారు. ఆ యంత్రాన్ని తయారుచేసిన హౌన్స్‌ఫీల్డ్‌కు అక్కడ కంప్యూటరే లేదు. కొలతలను టేపు మీద ఎక్కించి, ఈఎంఐ కంపెనీ కంప్యూటర్‌కు పంపారు. వచ్చిన బొమ్మ 80 గళ్ళు అడ్డం, 80 నిలువు. అంటే 6,400 చుక్కలు. దానితోనే కణితి కనబడింది. 1979లో ఆయనకు నోబెల్ వచ్చింది.

ఇప్పటి లెక్క వేరు. మెదడు పనిచేస్తుండగా తీసే ఎంఆర్ఐలో ఒక్కో బొమ్మకు 91×109×91, అంటే 9 లక్షల పైచిలుకు చుక్కలు. పావుగంటలో అలాంటివి 1,200 తీసే పద్ధతి ఉంది. చుక్కకు 8 బైట్ల చొప్పున అన్నీ ఒకేసారి తెరిస్తే 8.6 జీబీ దాటుతుంది. ల్యాప్‌టాప్ ఆగిపోక ఏం చేస్తుంది?

నాయకుల కాలంలో మదురై, కోయంబత్తూరు వైపు వచ్చిన మన పెద్దల్లో నేతగాళ్ళూ ఉన్నారు. జకార్డ్ మగ్గం చూసినవాళ్ళకు తెలుసు: మగ్గానికి చీర మొత్తం గుర్తుండక్కర్లేదు. ఈ పేకకు ఏ పడుగు పోగులు లేవాలో ఒక్క అట్ట చెబితే చాలు. అది అయ్యాక తర్వాతి అట్ట.

స్కాన్‌కూ అంతే. చుక్కకు 8 బైట్ల బదులు 4 చాలు. సగం బరువు అక్కడే తగ్గుతుంది. కుదించిన ఫైలును ముందు డిస్కు మీద విప్పి పెట్టుకోవాలి. తర్వాత 91 పొరల్లో ఒక్కో పొరనే, 1,200 బొమ్మల్లోంచీ చదవాలి. ఒక్క పొర 50 ఎంబీ కూడా ఉండదు. లెక్క చేసి, ఫలితం రాసి, ఆ పొరను వదిలేసి ముందుకు పోవాలి. పక్క పక్క చుక్కలను కలిపి చూసే లెక్కలైతే పొరల అంచులు కాస్త కలుపుకుని తీసుకోవాలి.

ఇది పేదవాళ్ళ చిట్కా అనుకోకండి. 2024 డిసెంబరులో మద్రాస్ ఐఐటీ వాళ్ళు గర్భస్థ శిశువు మెదడును 5,132 కోతలుగా చూపే 'ధరణి'ని అందరికీ ఉచితంగా ఇచ్చారు. అంత పెద్ద పని కూడా కోత తర్వాత కోతగా సాగిందే.

ఆ అమ్మాయి ప్రాజెక్టు మార్చుకోలేదు. మన పిల్లల్లో ఎవరైనా "మిషను చాలదు" అని చదువు వదిలేస్తుంటే, ముందు సంఘానికి ఒక మాట చెప్పమనండి.