రోగిగా వెళ్ళి చాప్లిన్‌గా నిలిచిన ఆంటన్ బోయిసెన్

1920లో తీవ్ర మానసిక సంక్షోభానికి లోనై మసాచుసెట్స్‌లో వైద్యశాల పాలైన అమెరికా సంఘసేవకుడు ఆంటన్ బోయిసెన్, 1924లో అదే రాష్ట్రంలోని వూస్టర్ ప్రభుత్వ మానసిక వైద్యశాలకు చాప్లిన్‌గా వెళ్ళారు. 1925 వేసవిలో నలుగురు వేదాంత విద్యార్థులను చేర్చుకొని, ముందుగా వార్డు పనిలో పెట్టారు. రోగులకు సహాయకులుగా ఉంటూ, వారి మాటలు ఆలకించి, గమనించినది వ్రాసి చర్చించాలి. గ్రంథాలను ఎంత శ్రద్ధగా చదువుతామో రోగి జీవితాన్నీ అంత శ్రద్ధగా చదవాలన్నది ఆయన బోధ.

కలవరపడిన మనిషిని చూడగానే దయ్యమని తేల్చి, గద్దించి వచ్చేసే మనకు ఈ ఓపిక కష్టమే. కొన్ని సంక్షోభాలు ఆత్మీయ పెనుగులాటలేనని బోయిసెన్ 1936 నాటి గ్రంథంలో వాదించారు. శారీరక కారణాలను మాత్రం తోసిపుచ్చలేదు. ఆయన వాదనకంటె ఆ వివేచననే మేము విలువైనదిగా ఎంచుతున్నాము.

1930లో వ్యాధి తిరగబెట్టింది. 1932లో ఇల్లినాయ్‌లోని ఎల్గిన్ ప్రభుత్వ వైద్యశాలలో మళ్ళీ చాప్లిన్ పనికి చేరారు.