విశ్వానికి పొలిమేర ఉందా?

ఊరికి పొలిమేర ఉంటుంది. దాన్ని దాటితే పక్క ఊరి పొలం మొదలవుతుంది. చేనికి గట్టు ఉంటుంది, గట్టు అవతల మరొకరి చేను. రెండు వైపులా ఏదో ఒకటి ఉంటుంది కాబట్టే హద్దు అనే మాట మనకు అర్థమవుతుంది. మరి విశ్వానికి హద్దు ఉందంటే దాని అవతల ఏముంది? హద్దు లేదంటే, అంతులేని దాన్ని ఊహించడం ఎలా? ఈ ప్రశ్న చరిత్ర చదివేటప్పుడు సమాధానాలతో పాటు ప్రశ్న ఎలా మారుతూ వచ్చిందో కూడా గమనించండి. చోటు గురించి మొదలైన చర్చ చివరికి కాలం దగ్గరికి చేరింది. ఆ మలుపును అర్థం చేసుకోవడానికి కడప, కర్నూలు రాళ్లు మనకు బాగా ఉపయోగపడతాయి.

క్రీస్తుపూర్వం 4వ శతాబ్దానికి చెందిన గ్రీకు తత్త్వవేత్త ఆర్కైటస్ పేర ఒక వాదం ప్రచారంలో ఉంది. విశ్వం అంచున నిలబడి చేతికర్ర ముందుకు చాపామనుకోండి. కర్ర వెళ్లిందా, అవతల చోటు ఉన్నట్టే. వెళ్లలేదా, దాన్ని అడ్డుకున్న వస్తువు ఏదో అక్కడ ఉన్నట్టే. ఎలా చూసినా అది అంచు కాదు. వినడానికి తిరుగులేని వాదంలా ఉంటుంది.

దీనికి మంచి జవాబు జైన సిద్ధాంతంలో దొరుకుతుంది. జమ్మలమడుగు ప్రాంతంలో పెన్నా ఒడ్డున దానవులపాడు ఉంది. 20వ శతాబ్దం తొలి ఏళ్లలో పురావస్తు శాఖ అక్కడ ఇసుకలో పూడుకుపోయిన జైన ఆలయాన్ని తవ్వి బయటపెట్టింది. అక్కడ రాష్ట్రకూటుల కాలపు శాసనాలు ఉన్నాయి. ఆ శాసనాల్లో విశ్వం గురించిన చర్చ వెతకకండి, అది దొరకదు. అక్కడ కొలిచిన వారి మతానికంతటికీ ఉమ్మడిగా ఉన్న సిద్ధాంతం మాత్రం మనకు తెలుసు. దాని ప్రకారం జీవులూ వస్తువులూ ఉండే లోకాకాశానికి హద్దు ఉంది. దాని చుట్టూ ఉన్న అలోకాకాశానికి అంతు లేదు. కదలికకు ఆధారమైన ధర్మద్రవ్యం లోకాకాశంలోనే ఉంటుంది. కాబట్టి ఆర్కైటస్ కర్ర అంచు దగ్గర ఆగిపోతుంది. ఏ గోడా దాన్ని అడ్డుకోదు. చేపకు నీరు ఎలాగో కదలికకు ధర్మద్రవ్యం అలాంటిది, అవతల ఆ నీరు లేదు. దీన్ని ఈనాటి భౌతికశాస్త్రంతో ముడిపెట్టడం పొరపాటు. అయినా, అడ్డు లేకుండానే హద్దు ఉండవచ్చునన్న ఆలోచనలోని పదునును గుర్తించాలి.

ఐరోపాలో ఇదే ప్రశ్న రాత్రి చీకటి రూపంలో వచ్చింది. నల్లమలలో చెట్లు దట్టంగా ఉన్నచోట నిలబడి ఎటు చూసినా చూపు ఏదో ఒక మాను మీద పడుతుంది. నక్షత్రాలు అంతులేకుండా ఉంటే ఆకాశం కూడా అంతే కావాలి. ఎటు చూసినా చూపు ఒక నక్షత్రం మీద ఆగాలి, రాత్రి ఆకాశమంతా సూర్యబింబంలా మండిపోవాలి. కానీ అమావాస్య రాత్రి, మబ్బు లేని వేళ ఏ రాయలసీమ పల్లెలో ఆరుబయట పడుకున్నా ఆకాశం నల్లగానే కనిపిస్తుంది. 1610లోనే కెప్లర్ ఈ చీకటిని చూపి విశ్వానికి హద్దు ఉందన్నాడు. 1823లో ఓల్బర్స్ దారిలో ఏదో పదార్థం వెలుగును మింగేస్తోందన్నాడు. అది నిలవలేదు, ఎందుకంటే వెలుగును మింగిన పదార్థం వేడెక్కి తానూ వెలుగుతుంది. సరైన దారి చూపింది ఒక కథా రచయిత, ఎడ్గార్ ఆలన్ పో. దూరపు వెలుగు మన దాకా రావడానికి ఇంకా సమయం చాలలేదని ఆయన 1848లో సూచించాడు. అంటే విశ్వం అంతులేనిదే అయినా, దాని వయసుకు ఒక లెక్క ఉంటే చాలు, రాత్రి చీకటిగానే ఉంటుంది.

అయితే ఆ వయసు ఎంత?

1929లో హబుల్ గెలాక్సీలు మననుంచి దూరమవుతున్నాయని, ఎంత దూరంలో ఉంటే అంత వేగంగా వెళ్తున్నాయని చూపించాడు. ఆయన లెక్కలో ప్రతి 32.6 లక్షల కాంతి సంవత్సరాల దూరానికి వేగం సెకనుకు సుమారు 500 కిలోమీటర్లు పెరుగుతుంది. దూరాన్ని వేగంతో భాగిస్తే, అవన్నీ ఒకచోట ఉన్న కాలం ఇప్పటికి సుమారు 195 కోట్ల సంవత్సరాల వెనక వస్తుంది. గురుత్వాకర్షణ వల్ల వేగం తగ్గుతూ వచ్చిందనుకుంటే ఇంకా తక్కువ, దాదాపు 130 కోట్లు.

ఈ సంఖ్యను పట్టుకుని మన ప్రాంతానికి రండి. భారత భూవిజ్ఞాన సర్వేక్షణకు చెందిన విలియం కింగ్ ఇక్కడి శిలలను పరిశీలించి, కడప, కర్నూలు శిలా సముదాయాలపై 1872లో ఒక పెద్ద గ్రంథం ప్రచురించాడు. పాపాఘ్ని, చెయ్యేరు, నల్లమల, కృష్ణ, బనగానపల్లె, జమ్మలమడుగు, పాణ్యం, కుందేరు: మన నదుల పేర్లూ ఊళ్ల పేర్లూ శిలల పేర్లయ్యాయి. ఏ పొర కింద ఉందో, ఏది పైన ఉందో కింగ్ చెప్పగలిగాడు. ఏ పొరకు ఎన్నేళ్లో చెప్పే సాధనం ఆయన కాలంలో లేదు. రేడియోధార్మికత అనేదే అప్పటికి ఎవరికీ తెలియదు.

ఆ సాధనం యురేనియం రూపంలో వచ్చింది. యురేనియం–238లో సగం సీసంగా మారడానికి సుమారు 447 కోట్ల సంవత్సరాలు పడుతుంది. ఎండైనా వానైనా ఆ వేగం మారదు. 1907లో బోల్ట్‌వుడ్, ఆ తర్వాత ఆర్థర్ హోమ్స్ ఈ లెక్కతో రాళ్ల వయసు కట్టారు. యురేనియం మన ప్రాంతానికి కొత్తదేమీ కాదు, తుమ్మలపల్లె గని గురించి మీరు వినే ఉంటారు.

పులివెందుల దగ్గర అవక్షేప శిలల పొరల మధ్యకు ఒకప్పుడు కరిగిన శిలాద్రవం చొరబడి గట్టిపడింది. అందులోని చిన్న స్ఫటికాల్లో యురేనియం, సీసం పాళ్లు కొలిస్తే వచ్చిన వయసు సుమారు 188 కోట్ల సంవత్సరాలు. చొరబడినదే అంత పాతదైతే, అది చొరబడిన పొరలు అంతకంటే పాతవి. ఆ పొరలన్నిటికీ పునాదిగా ఉన్న గ్రానైట్ ఇంకా పాతది, దాదాపు 250 కోట్లు. రాయచోటి, కదిరి వైపు బస్సులో వెళ్తుంటే ఇరుపక్కలా కనిపించే గుండ్రాళ్ల గుట్టలు ఆ పునాది జాతివే.

ఇప్పుడు పోల్చి చూడండి. హబుల్ లెక్క ప్రకారం రాయచోటి గుట్ట విశ్వం కంటే పెద్దది! కొడుకు తండ్రికంటే ముందు పుట్టినట్టయింది. ఆ రోజుల్లో శాస్త్రవేత్తల ముందున్న చిక్కు సరిగ్గా ఇదే. వారి వాదంలో కడప రాళ్లు సాక్ష్యానికి రాలేదు, వాటి వయసు తర్వాతి కాలంలో తేలింది. ఇతర దేశాల రాళ్లు, భూమి వయసు లెక్కలు వారిని ఇబ్బంది పెట్టాయి. 1948లో హాయల్, బాండి, గోల్డ్ అసలు విశ్వానికి ఆరంభమే లేదనే స్థిరస్థితి సిద్ధాంతాన్ని తెచ్చారు. దాని వెనక ఉన్న కారణాల్లో ఈ చిక్కు ఒకటి. తర్వాత హాయల్‌తో కలిసి పనిచేసిన మన దేశపు జయంత్ నార్లీకర్ చివరి వరకూ ఆ పక్షానే నిలబడ్డారు.

తప్పు రాళ్లది కాదని తేలింది. హబుల్ దూరాలు కొలిచిన సెఫీడ్ నక్షత్రాల్లో రెండు రకాలున్నాయని, వాటిని ఒకటిగా లెక్కించారని 1952లో బాడె ప్రకటించాడు. ఒక్కసారిగా దూరాలు రెట్టింపయ్యాయి, వయసూ రెట్టింపయింది. 1956లో ప్యాటర్సన్ ఉల్కాశిలల సీసంతో భూమి వయసు 455 కోట్లని తేల్చేసరికి ఆ రెట్టింపూ చాలలేదు. 1958లో శాండేజ్ 500ను సుమారు 75కు దించాడు. 1965లో పెంజియాస్, విల్సన్ ఆకాశమంతటా పరుచుకున్న సూక్ష్మతరంగాలను గుర్తించాక, ఆరంభం ఉందన్న పక్షం బలపడింది. ఈనాటి అంచనా 1380 కోట్ల సంవత్సరాలు.

కాబట్టి మనకు తెలిసిన పొలిమేర కాలంలో ఉంది. 1380 కోట్ల ఏళ్లలో వెలుగు మన దాకా రాగలిగిన మేరకే మనం చూడగలం. ఈలోపు చోటు కూడా సాగుతూ వచ్చింది కనుక ఆ మేర ఇప్పుడు ఎటు చూసినా సుమారు 4600 కోట్ల కాంతి సంవత్సరాలు. దాని అవతల విశ్వం ఆగిపోతుందని అనుకోవడానికి ఏ ఆధారమూ లేదు. అది అంతులేనిది కావచ్చు. లేదా భూమి ఉపరితలంలా, పరిమాణం ఉండి అంచు లేనిది కావచ్చు. కర్నూలు నుంచి నేరుగా నడుస్తూ పోతే ఎక్కడా అంచు తగలకుండానే మళ్లీ కర్నూలుకే చేరతాం కదా. ప్లాంక్ ఉపగ్రహం కొలతల్లో చోటుకు వంపు ఉన్నట్టు తేలలేదు. అయితే ఏ కొలతకైనా కొంత తేడా ఉంటుంది. భూమి ఉపరితలానికి ఉన్నలాంటి వంపు లేశమాత్రంగా ఉన్నా విశ్వానికి పరిమాణం ఉండవచ్చు కాబట్టి, ఈ రెంటిలో ఏది నిజమో ఆ కొలత తేల్చలేదు.

ఈ పాఠం పక్కన పెట్టే ముందు ఒక చిన్న లెక్క చేయండి. 500కు 195 కోట్ల సంవత్సరాలు వచ్చాయి. ఈనాటి కొలతలకు దగ్గరగా 70 తీసుకుంటే ఎంత వస్తుంది? వచ్చిన సంఖ్యను రాయచోటి గుట్ట వయసు పక్కన రాసి చూడండి.