అత్తగారి వాచీ మూత తీస్తే

మా అత్తగారి చేతివాచీ రూపాయి బిళ్ళంత కూడా ఉండదు. 1956లో పెళ్ళికని మద్రాసు మౌంట్ రోడ్డులో కొన్నారని ఇంట్లో చెప్పుకుంటారు. బిల్లు లేదు, డబ్బా లేదు. డయల్ మీద కంపెనీ పేరు చెరిగిపోయి, అడుగున ‘స్విస్ మేడ్’ అన్న రెండు మాటలే మిగిలాయి. ఇంటి కథను వాచీ ఎంతవరకు బలపరుస్తుందో చూద్దామని మద్రాసులోనే ప్యారీస్ కార్నర్ దగ్గర ఓ పాత మెకానిక్ బల్ల ముందు కూర్చుని మూత తీయించాను.

పేరు చెరిగిపోయినందుకు పెద్దగా బాధపడలేదు. ఆడవాళ్ళ వాచీల్లో పేరు మీద ఆధారపడితే మోసపోయే అవకాశమే ఎక్కువ. పి. ఓర్ అండ్ సన్స్ లాంటి మద్రాసు దుకాణాలు తెప్పించిన సరుకు మీద తమ పేరే వేయించుకునేవి. స్విట్జర్లాండ్‌లోనూ చాలా కంపెనీలు మిషన్‌ను బయట కొని, కేసూ డయలూ బిగించి అమ్మేవి. ఆ మిషన్లు చేసినవాళ్ళలో ఒకరు 1896లో అడాల్ఫ్ షిల్డ్ పెట్టిన ఏ. షిల్డ్ కంపెనీ. అది 1926లో ఎబోష్ అనే ఉమ్మడి సంస్థలో చేరింది. అందుకే ఒకే మిషన్ పది పేర్ల కింద తిరుగుతూ కనిపిస్తుంది.

అసలు గుర్తు బ్యాలెన్స్ వీల్ కింద, పెద్ద పలక మీద ఉంటుంది. భూతద్దం పెట్టి, వెలుతురు పక్కనించి పడేలా వాచీని తిప్పితే ‘ఏఎస్’ అక్షరాలు తేలాయి. పక్కనే అంకెలున్నాయి కానీ చివరిది అచ్చు సరిగా పడలేదు. డయల్ వైపు పలకను కొలిస్తే అటు 15.2, ఇటు 18 మిల్లీమీటర్లు. వాచీల లెక్కలో ఒక లీన్ అంటే సుమారు 2.256 మిల్లీమీటర్లు కనుక ఇది ఆరుంముప్పావు, ఎనిమిది లీన్ల సైజు. ఆ సైజులో చాలా రకాలున్నాయి. వాటిని విడదీయడానికి కీ లాగితే కదిలే లీవర్లను, వాటిని పట్టి ఉంచే రేకు ఆకారాన్ని చూస్తారు. అమెరికాలో వచ్చిన బెస్ట్‌ఫిట్ సంపుటాలు ఈ పద్ధతి మీదే నడుస్తాయి. మా రేకు రెండు నంబర్లకు దగ్గరగా ఉంది. కుటుంబం తెలిసింది, మనిషి తెలియలేదు. అంతవరకే రాసుకున్నాను.

బ్యాలెన్స్ రాయి మీద వీణలా వంపు తిరిగిన చిన్న స్ప్రింగు ఉంది. దెబ్బ తగిలినా ఇరుసు విరగకుండా కాచే ఇన్కాబ్లాక్ అది, 1930లలో వచ్చింది. కాబట్టి ఇది 1956ను కాదనదు, అవుననీ అనదు.

తేడా వేరేచోట దొరికింది. డయల్ వెనక రెండు సన్నని రాగి కాళ్ళుండాలి, అవి పలకలోని కన్నాల్లో దిగి, పక్క స్క్రూలతో బిగుసుకోవాలి. ఇక్కడ కాళ్ళు కోసేసి ఉన్నాయి. డయల్‌ను జిగురుతో అంటించారు. కేసుకీ మిషన్‌కీ మధ్య సందులో మడిచిన కాగితం ముక్క. కీ కాడకు ఆకురాయి పట్టిన గీతలు. “ఇది ఒక వాచీ కాదమ్మా, రెండు” అన్నాడు మెకానిక్.

అతని మాటను ఉన్నదున్నట్టు ఒప్పుకోవాలనిపించినా కాస్త ఆగాలి. డయల్ ఒక్కటే మారి ఉండవచ్చు. కానీ కాగితం, గీసిన కాడ కలిపి చూస్తే మిషనే మారిందనడం ఎక్కువ నమ్మదగినది. ఇంకో సాక్ష్యం బ్యాలెన్స్ వంతెన మీదుంది: మూడక్షరాల కోడ్, పలక మీద ‘అనడ్జస్టెడ్’ అన్న మాట. ఇవి అమెరికా కస్టమ్స్ సుంకాల కోసం వేసిన గుర్తులు. అంటే ఈ మిషన్ ఆ దేశపు మార్కెట్ కోసం తయారైంది, కనీసం ఆ ఉద్దేశంతో ముద్రలు వేయించుకుంది. మౌంట్ రోడ్డు దుకాణానికి నేరుగా వచ్చిన సరుకులా లేదు.

ఎలా వచ్చిందన్నది ఊహే. 1957 తర్వాత విదేశీ మారకం కొరతతో దిగుమతులు బిగిశాయి, 1969లో మద్రాసు బీచ్ స్టేషన్ దగ్గర బర్మా బజార్ వెలసి విదేశీ సరుకుకు పేరుపడింది. విరిగిన ఇరుసుకు విడిభాగం దొరక్క, దొరికిన మిషన్‌ను మొత్తంగా ఎక్కించడం ఏ మెకానిక్కైనా చేసే పనే. ఈ వాచీ ఆ దారినే వచ్చిందని చెప్పడానికి మాత్రం నా దగ్గర ఏమీ లేదు.

వెనక మూత లోపల సూదితో గీసిన ‘7-64’ ఉంది. 1964 జూలై అనుకోవడం సులభం, కానీ అది మెకానిక్ పని నంబరు కూడా కావచ్చు. తేదీ అయినా, కేసు అప్పటికి ఉందని తేలుతుందే తప్ప కొన్న ఏడు తెలియదు.

వాచీతో పాటు పెట్టిన చీటీ మీద ఇలా రాశాను: ‘కేసు: 1956 నాటిదని కుటుంబ కథనం, విరుద్ధ సాక్ష్యం లేదు. మిషన్: ఏఎస్, చివరి అంకె చదవలేదు, బహుశా తర్వాత మార్చినది. డయల్: జిగురు.’ అత్తగారు చదివి, “జిగురు కొట్టేయ్” అన్నారు. కొట్టేయలేదు.