చిల్పూర్ అంగన్‌వాడీల్లో పూర్వ ప్రాథమిక తరగతి ఆరంభం

మూడేళ్లు నిండి ఆరేళ్లు నిండని పిల్లల బడిని పూర్వ ప్రాథమిక తరగతి అంటారు. పట్నాల్లో అది నర్సరీ, ఎల్‌కేజీ, యూకేజీ. జనగామ జిల్లా చిల్పూర్ మండలంలోని ఊళ్లలో, తండాల్లో ఆ పని ఎక్కువగా అంగన్‌వాడీ కేంద్రాలదే. గుట్ట మీది బుగులు వేంకటేశ్వరస్వామి ఆలయంతో పేరుపడ్డ చిల్పూర్, 2016 అక్టోబరు 11న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో మండల కేంద్రమైంది. అంతకుముందు ఇది వరంగల్ జిల్లా స్టేషన్ ఘన్‌పూర్ మండలంలో ఉండేది.

అంగన్‌వాడీలను నడిపే సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకాన్ని 1975 అక్టోబరు 2న దేశంలో 33 చోట్ల ప్రయోగాత్మకంగా మొదలుపెట్టారు. పల్లె ముంగిట్లోనే పసిపిల్లల బడి నడపవచ్చని అంతకు మూడు దశాబ్దాల ముందే తారాబాయి మోదక్, అనుతాయి వాఘ్ మహారాష్ట్రలోని బోర్డీలో చేసి చూపించారు. 2002 నాటి 86వ రాజ్యాంగ సవరణ ఆరేళ్లలోపు పిల్లల సంరక్షణను, విద్యను ఆదేశిక సూత్రాల్లో చేర్చింది. చదువును ప్రాథమిక హక్కు చేసింది మాత్రం ఆరు నుంచి పద్నాలుగేళ్ల వాళ్లకే. అన్నిటికన్నా లేత వయసును హక్కు గీతకు అవతల ఉంచడం ఆ సవరణలో పెద్ద లోటు.

మొదటి రోజు ఎప్పుడు?

తెలంగాణలో ప్రభుత్వ బడులు వేసవి సెలవుల తర్వాత సాధారణంగా జూన్ 12న తెరుస్తారు. అంగన్‌వాడీలో చేరడానికి అలాంటి కట్టుబాటు తేదీ లేదు. సంక్రాంతికి మూడేళ్లు నిండిన బిడ్డ సంక్రాంతికే రావచ్చు. పైగా చాలామంది పిల్లల పేర్లు పుట్టినప్పటి నుంచే, కొందరివైతే తల్లి కడుపులో ఉన్నప్పటి నుంచే, కేంద్రం రికార్డులో ఉంటాయి. ఏడో నెల నుంచి మూడేళ్ల దాకా వాళ్లకు బాలామృతం ప్యాకెట్ ఇంటికే వెళుతుంది. మూడేళ్లు నిండాక ఇంటికిచ్చే ప్యాకెట్ ఆగి, కేంద్రంలో వేడి అన్నం, గుడ్డు మొదలవుతాయి. ఆ బిడ్డకు బడి మొదలవడమంటే ముందుగా ఇదే: అమ్మ కలిపి పెట్టే ముద్ద నుంచి, పదిమంది నడుమ తన పళ్లెంలో తానే తినడానికి మారడం.

అయినా హడావిడి అంతా జూన్, జూలైల్లోనే. 2024 జూలైలో రాష్ట్ర ప్రభుత్వం ‘అమ్మ మాట - అంగన్‌వాడీ బాట’ పేరుతో చేరికల కార్యక్రమం నిర్వహించింది. ఇలాంటి రోజుల్లో టీచర్, ఆయా ఇల్లిల్లూ తిరిగి మూడేళ్లు నిండినవాళ్లను గుర్తిస్తారు, తల్లులతో సమావేశం పెడతారు, సామూహిక అక్షరాభ్యాసం చేయిస్తారు. పలక మీదో పళ్లెంలోని బియ్యంలోనో బిడ్డ వేలు పట్టుకుని దిద్దిస్తారు. ఊళ్లో ఈ వేడుకకు మంచి ఆదరణ ఉంది. కానీ దాన్ని చూసి రేపటి నుంచే అక్షరాలు వచ్చేయాలని కోరుకోవడం పిల్లలకు అన్యాయం. మూడేళ్ల వేళ్లకు బలపం పట్టే పట్టు ఇంకా రాదు. మట్టి పిసకడం, పూసలు గుచ్చడం, కాగితం చింపి అతికించడం వంటి పనులతోనే ఆ పట్టు వస్తుంది.

కాలం కూడా ఇక్కడ పిల్లలతో పాటే కదులుతుంది. జూన్ రెండో వారంలో మృగశిర కార్తె ప్రవేశిస్తుంది. పత్తి గింజలు పెట్టే పనులు మొదలై తల్లులు పొద్దున్నే చేన్లకు వెళ్లిపోతారు. చంటివాణ్ని కేంద్రం దాకా తీసుకొచ్చేది చాలా ఇళ్లలో నాయనమ్మో తాతో. అమ్మ దగ్గర లేకపోవడం, కొత్త చోటు రెండూ ఒకే వారంలో మీద పడతాయి గనుక ఏడుపు సహజం. తెచ్చినవాళ్లు కొన్ని రోజులు కాసేపు అక్కడే కూర్చోవడం, మొదట్లో గంట రెండు గంటలే ఉంచి మెల్లగా పెంచడం పిల్లలకు మేలు. చెప్పకుండా జారుకుంటే బిడ్డకు నమ్మకం పోతుంది. ‘పోయొస్త బిడ్డా’ అని చెప్పే వెళ్లాలి.

తొలి నాలుగు వారాలు

కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2024లో విడుదల చేసిన ‘ఆధారశిల’ పాఠ్య ప్రణాళిక, పిల్లలు మెల్లగా అలవాటు పడాలన్న సంగతిని గట్టిగా పట్టుకుంది. అందులో ఏడాదికి 48 వారాలు. మొదటి 4 వారాలను ఇంటి నుంచి కేంద్రానికి అలవాటు పడటానికే కేటాయించారు. తర్వాతి 36 వారాలు ఆట, మాట, కథ, పరిశీలన, చేతిపనులు. చివరి 8 వారాలు నేర్చినదాన్ని నెమరు వేయడానికి. తొలి నెలలో పిల్లలు నేర్చేవి చూడటానికి చిన్నవి: తన పేరు పిలిస్తే పలకడం, చెప్పులు వరుసలో విడవడం, అన్నానికి ముందు చేతులు కడుక్కోవడం, పాసుకు వెళ్లాలని అడగడం, బొమ్మ కోసం వంతు ఆగడం. మిగతా ఏడాది వీటి మీదే నిలుస్తుంది. బరువు, ఎత్తు కూడా చూసి రాసుకుంటారు. తక్కువ బరువున్న బిడ్డ ఆటలో వెనకబడటం మొండితనం కాకపోవచ్చు, ఒంట్లో సత్తువ లేకపోవచ్చు. చదువు, తిండి ఒకే గడప లోపల ఉండటం వల్ల దాన్ని అక్కడే గమనించే వీలుంది.

తండాల పిల్లల విషయంలో మరో మెట్టు ఉంది. ఇంట్లో లంబాడీ మాట్లాడే బిడ్డకు టీచర్ తెలుగు సగమే అర్థమవుతుంది. మాట్లాడకపోతే మందబుద్ధి అనుకునే ప్రమాదం ఇక్కడే. నీళ్లు, అన్నం, అమ్మ, నొప్పి వంటి మాటలైనా టీచర్ ఆ భాషలో నేర్చుకుంటే ఆ బిడ్డ తొలి వారాలు తేలికవుతాయి. చిన్న పిల్లలకు ఇంటి భాషలోనే మొదలుపెట్టాలని 2020 జాతీయ విద్యా విధానమూ చెబుతోంది.

ఒకటో తరగతికి

అదే జాతీయ విద్యా విధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల వరకు ఒకే పునాది దశగా చూసి, ఆరేళ్లు నిండాకే ఒకటో తరగతి అంటుంది. తెలంగాణలో ఐదేళ్లకే ఒకటిలో వేసే అలవాటు బలంగా ఉంది. ఇంగ్లిష్ మీడియం ఆశతో కొందరు తల్లిదండ్రులు నాలుగేళ్లకే పిల్లల్ని ప్రైవేటు బడి వ్యాన్ ఎక్కిస్తారు. దాంతో అంగన్‌వాడీలో పెద్ద పిల్లలు తగ్గి, కొత్తగా చేరినవాళ్లకు చూసి నేర్చుకునే తోడు కరువవుతుంది. 2025-26 నుంచి ఎంపిక చేసిన ప్రభుత్వ పాఠశాలల్లోనూ పూర్వ ప్రాథమిక తరగతులు మొదలయ్యాయి. ఒకటో తరగతిలో చేరే పిల్లలందరి కోసం 2021లో ‘విద్యా ప్రవేశ్’ అనే మూడు నెలల ఆటపాటల ప్రణాళికను కేంద్రం విడుదల చేసింది.