తకరజుక నాటకశాల

జపాను దేశపు బొమ్మల కథలును, కదలు బొమ్మల చిత్రములును లోకమంతట ఇంతటి ఆదరణ మెట్లు పొందినవని స్వదేశమునుండి మిత్రులు నన్ను తరచుగా అడుగుచుందురు. యంత్రనైపుణ్యమనియో, వ్యాపారదక్షతయనియో చెప్పి ఊరకుండవచ్చును గాని, నేను స్థిరపడిన కన్సాయి ప్రాంతమునందలి తకరజుక పట్టణపు చరిత్ర నెఱిగినవారికి ఆ సమాధానము తృప్తి కలిగింపదు.

1910లో ఒసాకాలోని ఉమెదానుండి అచ్చటికి విద్యుత్ రైలుమార్గమును వేయించిన కొబయాషి ఇచిజో, ఆ దారి కొసనున్న వేడినీటి బుగ్గల యూరికి జనులను రప్పింపదలచి, అచ్చట ఈతకొలను నొకదానిని కట్టించెను. నీరు మిక్కిలి చల్లనగుటచే నది విఫలము కాగా, కొలనును ప్రేక్షకులు కూర్చుండు తావుగను, బట్టలు మార్చుకొను గదిని రంగస్థలముగను మార్పించి, సంగీతము నేర్పించిన బాలికలచే 1914 ఏప్రిల్ 1న మొమొతారో అను జానపద వీరుని కథను గేయనాటకముగా ఆడించెను.

1629లో పాలకులు స్త్రీలను రంగస్థలమునుండి బహిష్కరించినది మొదలు కబుకీలో స్త్రీపాత్రలను పురుషులే ధరించుచు వచ్చిన ఈ దేశమున, తకరజుక నాటకశాలలో మాత్రము రాజులు, యోధులు, ప్రేమికులు మొదలగు సమస్త పురుషపాత్రలను స్త్రీలే ధరింతురు. స్త్రీవేషమున స్థానం నరసింహారావుగారు ధరించిన సత్యభామ పాత్రను తలచి నేటికిని మురియు తెలుగువారికి ఇట్టి రసాస్వాదము కొత్త కాదు. అయితే ఈ నటీమణులలో ప్రతియొకతెయు తకరజుక సంగీత పాఠశాలలో రెండు సంవత్సరములు గానమును, నృత్యమును, అభినయమును అభ్యసించిన పిమ్మటనే రంగమెక్కును. ప్రదర్శనాంతమున, పాదము కష్టముగా పట్టునట్టి 26 మెట్ల మహాసోపానముపైనుండి, వీపున బరువైన ఈకల అలంకారమును ధరించి, దృష్టిని ఒక్కమారైనను క్రిందికి వాల్పక, పాడుచు దిగివచ్చు నాయకపాత్రధారిణిని చూచినపుడు ఆ శిక్షణ యెంతటిదో బోధపడును.

ఆ పట్టణముననే పెరిగి, తల్లితో గూడి ఆ నాటకములను చూచుచు వచ్చిన తెజుకా ఒసాము, 1953లో పురుషవేషమున కత్తి దూయు రాకుమారి కథను బొమ్మలలో వ్రాసి, బాలికల చిత్రకథలకు నూతన మార్గమును తెఱచెను. ఇకెదా రియోకో 1972లో ఆరంభించిన 'వెర్సాయి గులాబి' యను చిత్రకథయందును పురుషునివలె పెంచబడిన వీరవనితయే కలదు. 1974లో దానిని తకరజుక నాటకముగా ప్రదర్శింపగా జనులు తండోపతండములుగా వచ్చిరి. రంగస్థలమునుండి చిత్రకథ పొందిన ఋణము ఆ విధముగా తీరినది.

2024 జనవరిలో అదే వేదికపై మన తెలుగు చిత్రము 'ఆర్‌ఆర్‌ఆర్' సంగీతనాటకమై, భీముని పాత్రను రెయి మకోతో అను నటీమణి ధరించినపుడు తెలుగువారమందఱమును గర్వించితిమి. కాని గర్వముతో తృప్తిపడక మనము గ్రహింపవలసినది వేఱొకటి గలదు. ఈ దేశపు జనరంజక కళలు ఒకదానినొకటి పోషించుకొనుచు పెరిగినవి. పోషించుటకు పాఠశాలయు, నాటకశాలయు, తరతరముల ప్రేక్షకులును నిలిచియుండిరి. 1885లో పుట్టిన మన సురభి నాటక సమాజము తకరజుకకంటె వయసున పెద్దది. అందలి కళాకారుల బిడ్డలకును అట్టి పాఠశాలను, అట్టి ఆదరణను సమకూర్చుట మన కర్తవ్యమని నా దృఢ విశ్వాసము.